స్టేజీ మీద ఒకడిని, ఇంట్లో ఇంకొకడిని: బాగుపడేదాకా చర్చి మానేయాలా?

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీకు 33 ఏళ్లు. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తావు, యవ్వనస్తుల కూటాల్లో సాక్ష్యం చెబుతావు. ఇంటికొస్తే కూరలో ఉప్పు తగ్గినా భార్య మీద అరుస్తావు. కంపెనీలో తిరగని కిలోమీటర్లకి పెట్రోలు బిల్లులు పెడతావు, 'అందరూ పెట్టేవే' అంటున్నావు. మొన్న మీ ఆవిడ 'చర్చిలో ఉండే ఆ మనిషిని ఒక్కరోజు మా ఇంటికి పంపించండి' అందట. అప్పట్నుంచి నిద్ర లేదు. నేను వేషధారినేనా, అయితే బాగుపడేదాకా చర్చికి వెళ్లకపోవడమే నిజాయితీ కదా అని అడిగావు.

ముందు జవాబు చెప్పేస్తాను. చర్చి మానొద్దు. కీబోర్డు మాత్రం కొన్నాళ్లు ఇంకొకరికి అప్పగించి వెనక బల్ల మీద కూర్చో. వేషధారివా అంటే, కొంతవరకు అవును. అరిచినందుకు కాదు. శనివారం రాత్రి అరిచి, ఆదివారం పొద్దున ఏమీ జరగనట్టు మైకు పట్టుకుని 'ప్రభువు నా కుటుంబంలో సమాధానం ఇచ్చాడు' అని చెప్పినందుకు. ఈ తేడా పట్టుకుంటే దారి దొరుకుతుంది.

నేను పాస్టర్ని కాను. ఒంగోలు దగ్గర ఒక బాప్టిస్టు సంఘంలో 22 ఏళ్లు డీకన్‌గా, అంటే సంఘ పరిచారకుడిగా ఉన్నాను, అంతకంటే ఎక్కువ కాలం సండే స్కూలు చెప్పాను. నీ కంటే 35 ఏళ్లు పెద్దవాణ్ణి కాబట్టి 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు.

మన తెలుగు బైబిల్లో 'వేషధారి' అన్న మాట ఉన్నచోట గ్రీకులో ఉన్నది నాటకంలో వేషం కట్టేవాణ్ణి పిలిచే మాటే. ఎవరు అనువదించారో గానీ సరైన మాట పట్టుకున్నారు. నా చిన్నప్పుడు మా ఊరికి పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. ఒకరోజు బైరాగి, ఇంకోరోజు కోమటి, ఇంకోరోజు పోలీసు. మేం పిల్లలం నిజం పోలీసే అనుకుని ఇంట్లో దూరేవాళ్లం. చివరి రోజు మాత్రం వాళ్లు వేషం తీసేసి, మామూలు పంచెలో వచ్చి, 'అయ్యా, ఇన్నాళ్లూ ఆడింది మేమేనండి' అని సంభావన అడిగి బియ్యమో డబ్బులో తీసుకుని వెళ్లేవాళ్లు. వాళ్లది కళ, అందులో మోసం లేదు. మన సంగతి అలా కాదు. మనం ఆ చివరి రోజుని వాయిదా వేస్తూ పోతాం.

ఇప్పుడు నా కథ. ఇది మా సంఘంలో చాలామందికి తెలుసు, నేనే చెప్పాను కాబట్టి.

చాలా ఏళ్ల క్రితం సంఘానికి ట్రెజరర్‌గా ఉన్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో కానుక సంచులు బల్ల మీద బోర్లించి, చిల్లర పదేసి దొంతులుగా పేర్చి, నోట్లు సరిచేసి లెక్కపెట్టేవాళ్లం, నేనూ ఇంకో పెద్దాయనా. మందిరం పైకప్పు కోసం విడిగా వసూలు చేసిన డబ్బు నా దగ్గర రేకు పెట్టెలో ఉండేది. ఆ జూన్‌లో మా పెద్దవాడి కాలేజీ ఫీజుకి 4,000 తక్కువ పడింది. అప్పు అడగాలంటే సిగ్గు. పెట్టెలోంచి తీశాను. 'జీతం రాగానే పెట్టేస్తాను, ఇది దొంగతనం కాదు, చేబదులు' అనుకున్నాను. లెక్కల పుస్తకంలో ఆ నెల నిల్వ మాత్రం పెన్సిలుతో రాశాను. మిగతా పేజీలన్నీ పెన్నుతో ఉంటాయి.

ఆ డబ్బు మూడు నెలల దాకా పెట్టలేకపోయాను. ఆ మూడు నెలల్లోనే ఒక గృహకూటంలో వాక్యం చెప్పమన్నారు. నేను ఎంచుకున్నది ఏమిటో తెలుసా? అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం, పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు చెప్పిన దంపతులు అననీయ సప్పీరా. ఎంత బాగా చెప్పానంటే ఇద్దరు ఏడ్చారు. ఇంటికి నడిచి వస్తుంటే గుండె ఆగినట్టయింది. ఇంకెవరి మీదో ఉరిమితే నా పెట్టె సంగతి కప్పబడుతుందని నాలో ఎక్కడో ఉండే ఉంటుంది.

ఆ అధ్యాయాన్నే ఆ రాత్రి మళ్లీ చదివాను. పేతురు వాళ్లని 'పొలం డబ్బంతా ఎందుకివ్వలేదు' అని అడగలేదు. అమ్మకముందు ఆ పొలం నీదే, అమ్మాక ఆ డబ్బూ నీ చేతిలోనిదే కదా అన్నాడు. కొంతే ఇస్తున్నాం అని చెప్పి ఇచ్చి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కొంత ఇచ్చి అంతా ఇచ్చినట్టు నిలబడ్డారు, అదీ గొడవ.

నాకు బయటపడే దారి చూపించింది ఆ పెద్దాయన. సెప్టెంబరులో పుస్తకం తిరగేస్తూ ఆ పేజీ దగ్గర వేలు పెట్టి, 'ఏమయ్యా, ఆ నెల పెన్నులో ఇంకు అయిపోయిందా?' అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ప్రవక్త నాతాను, తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికి వెళ్లి 'ఆ మనుష్యుడవు నీవే' అన్నాడని ఎన్నిసార్లు పిల్లలకి చెప్పానో. నా నాతాను మాత్రం ఇంకు గురించి అడిగాడు. అక్కడే కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన డబ్బు పెట్టే గడువు పెట్టాడు, తర్వాత డీకన్ల కమిటీలో నన్నే చెప్పమన్నాడు, ట్రెజరర్ పని మానిపించాడు. సండే స్కూలు మాత్రం మానొద్దన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ లెక్క అర్థమవుతోంది: ఏ పని నాకు దాక్కునే చోటు ఇస్తోందో దాన్ని తీసేశాడు, ఏది నన్ను మనుషుల మధ్య ఉంచుతోందో దాన్ని ఉంచాడు.

నీకు చెప్పిన మొదటి జవాబు ఆయన దగ్గర నేర్చుకున్నదే.

'బాగుపడ్డాకే వస్తాను' అనేది వినడానికి నిజాయితీగా ఉంటుంది. నాకు తెలిసిన ఒకాయన ఇదే మాట మీద పదేళ్ల పైన చర్చి గడప తొక్కలేదు. 'లోపలున్న వేషధారుల కంటే నేను నయం, కనీసం నటించను' అనేవాడు. అదీ ఒక వేషమే, కాస్త ఖరీదైన వేషం. ఇంట్లో అరుపులు మాత్రం అలాగే ఉన్నాయి, ఆదివారం కూడా ఇంట్లోనే ఉంటాడు కాబట్టి ఒకరోజు అరుపులు ఎక్కువయ్యాయి, అంతే. లూకా 18లో సుంకరిని, అంటే పన్నులు వసూలు చేసేవాణ్ణి చూడు. 'దేవా, పాపినైన నన్ను కరుణించుము' అన్నవాడు దేవాలయానికి వచ్చే అన్నాడు. దూరంగా నిలబడ్డాడు, ముందు వరసలోకి రాలేదు. నీ వెనక బల్ల అదే.

అంతే కాదు, నీకు ఇంకో భయం కూడా ఉందని నా అనుమానం: 'ఇన్నాళ్లూ నా భక్తి మొత్తం అబద్ధమేనా?' అని. అలా తేల్చేయకు. రోమా 7లో పౌలు, చేయగోరు మేలు చేయలేక చేయగోరని కీడు చేస్తున్నానని రాసి సంఘానికే పంపాడు. పడిపోవడం వేరు, పడలేదని చెప్పుకోవడం వేరు. పడ్డవాడికి బైబిల్లో ఎక్కడ చూసినా చెయ్యి అందుతుంది. మత్తయి 23లో మళ్లీ మళ్లీ 'అయ్యో' అనిపించుకున్నది పుదీనాలో, జీలకర్రలో పదోవంతు లెక్కగా చెల్లించి న్యాయాన్ని, కనికరాన్ని వదిలేసినవాళ్లు, గిన్నెని బయట మాత్రం తోమినవాళ్లు.

మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పి ముందుకెళతాను. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడిగారు. ఆయన దాదాపు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారా, విశ్వాసంతో వస్తున్నారా తేలాలని ఆగాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. అప్పుడు 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. చిన్నప్పుడు మాకు ఆ అంకె బట్టీ పట్టించారు. నాకిప్పుడు ఆ అంకె కంటే ఆ 15 నెలలే ఎక్కువ గుర్తొస్తాయి. లాభం ఆగిపోయాక కూడా నిలబడేది ఏదో అదే నీ నిజం. నీకు లాభం డబ్బు కాదు, చప్పట్లు. రెండు నెలలు చప్పట్లు లేకుండా ఆరాధనకి వెళ్లి చూడు, నీకే తెలుస్తుంది.

ఇక ఇల్లు. ఇక్కడే ఎక్కువ పని ఉంది.

ఒకసారి ఒకరి ఇంట్లో కుటుంబ ప్రార్థనకి వెళ్లాను. ఇంటాయన ప్రార్థన మొదలుపెట్టగానే ఐదేళ్ల పాప వాళ్లమ్మ చెవిలో 'నాన్న గొంతు ఎందుకు మారిపోయింది?' అని అడిగింది. గుసగుసే గానీ అందరికీ వినపడింది. నిజమే, ఆయన మామూలుగా 'ఒసేయ్, కాఫీ ఏదీ' అనే మనిషి, కళ్లు మూసుకోగానే 'మహోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ, నీకు స్తోత్రములు చెల్లించుకొనుచున్నాము' అని ఇంకో శ్రుతిలో ఎత్తుకున్నాడు. గ్రాంథిక భాషలో ప్రార్థించడం తప్పు కాదు, మనందరం అదే భాషలో వాక్యం విని పెరిగాం, నోటికి అదే వస్తుంది. కానీ ఆ భాషలో 'ఈ పొద్దున నా భార్యని అందరి ముందూ తిట్టాను' అని చెప్పడానికి మాటలు దొరకవు. అందుకని ఒక పని చెయ్యి. రోజూ ఒక్క ప్రార్థన, మత్తయి 6లో చెప్పినట్టు తలుపు వేసుకుని, మీ అమ్మతో మాట్లాడే తెలుగులో. రెండు నిమిషాలు చాలు. ఏం చేశావో పేరు పెట్టి చెప్పు. మొదటి వారం మాటలే రావు. ఫరవాలేదు.

భార్యకి క్షమాపణ చెప్పేటప్పుడు వాక్యాలు వల్లించకు. 'నిన్న అలా అరవడం తప్పు, నువ్వు ఏమీ చేయలేదు' అని చెప్పి ఊరుకో. 'కానీ నువ్వు కూడా' అని మొదలుపెడితే అంతకుముందు చెప్పింది కొట్టుకుపోతుంది. ఆవిడ వెంటనే నమ్మకపోవచ్చు. నమ్మనక్కర్లేదు కూడా, ఇన్నాళ్లు చూసింది కదా. ఎఫెసీ 5లో భార్యలు లోబడాలన్న మాట మనవాళ్లకి కంఠతా వస్తుంది, ఆ కిందే క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు భార్యని ప్రేమించమన్న మాట దగ్గర పేజీ అంటుకుపోయినట్టుంటుంది.

ఒక హెచ్చరిక. నువ్వు 'అరుస్తాను' అని రాశావు. చెయ్యి లేపే దాకా వెళ్లి ఉంటే నేను పైన చెప్పిన నెమ్మది సలహాలేవీ సరిపోవు. అప్పుడు ముందు చూడాల్సింది ఆవిడ భద్రత, నీ ఆత్మీయత తర్వాత. ఆవిడ పుట్టింటికి వెళ్లాలనుకుంటే అడ్డు పడకు, 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే 'సంఘం పరువు' అని ఆపకు.

పెట్రోలు బిల్లులు. ఈ నెల నుంచి నిజం కిలోమీటర్లే రాయి. ఇది ఈరోజే చేయగలిగింది, దీనికి ఉపవాస ప్రార్థన అక్కర్లేదు. పాతవి? బైబిల్లో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నీకు నాలుగంతలు అని చెప్పను గానీ, ఎంత అయిందో ఒక కాగితం మీద కూడు. అందాజుగా వద్దు, లెక్కగా. నాకు అప్పుడు నిద్ర పట్టకుండా చేసింది 4,000 అనే అంకె కాదు, అది ఎంతో నాకు నేను చెప్పుకోకుండా ఉన్న మూడు నెలలు. తిరిగి కట్టడం ఉద్యోగానికి సంబంధించిన విషయం, కొన్నిచోట్ల ఒప్పుకుంటే తీసేస్తారు కూడా. అందుకని ఒంటరిగా ఆవేశంలో ఈమెయిల్ కొట్టకు. మీ ఆవిడకి ముందు చెప్పు, ఆ ఇంటి బియ్యం కూడా ఆ జీతం లోంచే వస్తున్నాయి. తెలిసిన పెద్దవాళ్లని ఒకరిని అడిగి, ఆ నష్టం భరించడానికి సిద్ధపడి చెయ్యి. 'అందరూ పెట్టేవే' అన్న మాట మాత్రం నీ ప్రశ్నలోంచి కొట్టేసెయ్. ఆ ఒక్క మాట నీ గొంతులా లేదు, ఆఫీసు క్యాంటీన్ గొంతులా ఉంది.

ఎవరితో చెప్పుకోవాలి? ఒక్కరితో. మైకులో వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే సాక్ష్యాల కూటాల్లో పాపాలు ఒప్పుకోవడం కూడా మనకి ఒక ప్రదర్శన అయిపోయింది. ఎంత పెద్ద పాపం చెబితే అంత పెద్ద హల్లెలూయా. మీ ఇంటి గొడవ అక్కడ చెబితే మీ ఆవిడ పరువు కూడా నీతోపాటు మైకెక్కుతుంది, ఆవిడని అడిగావా? యాకోబు 5:16 ఒకరితో ఒకరు ఒప్పుకోమంది, ఊరందరి ముందూ అనలేదు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న గుంపుల కోసం నియమాలు రాసినప్పుడు వారం వారం అడగాల్సిన మొదటి ప్రశ్నే, పోయినసారి కలిసినప్పటి నుంచి తెలిసి చేసిన పాపాలేమిటి అని పెట్టాడు. గుంపు చిన్నది, ప్రశ్న సూటిది. నీకు గుంపు దొరక్కపోతే ఒక మనిషిని వెతుక్కో. నా గుర్తు ఒకటే: ఇంకొకళ్ల సంగతులు నీ దగ్గర ఎప్పుడూ ఎత్తనివాడై ఉండాలి. ఎత్తేవాడైతే నీవి కూడా ఇంకో ఇంట్లో ఎత్తుతాడు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా అనేస్తాను. మనం వేషధారణ అనగానే సిగరెట్టు, సినిమా, బిల్లులు అంటాం. గలతీ 2లో పౌలు పేతురుని అందరి ఎదుట నిలదీసింది వీటి గురించి కాదు, భోజనం గురించి. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో కలిసి తిన్నవాడు, యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే పక్కకి జరిగాడు. దాన్నే పౌలు వేషధారణ అన్నాడు, బర్నబా కూడా అందులో పడ్డాడని బాధపడ్డాడు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య గారు, తర్వాత మన దోర్నకల్‌కి బిషప్ అయినాయన, పాశ్చాత్య మిషనరీలని అడిగింది కూడా ఇలాంటిదే: మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. తెల్లదొరల్ని అన్నాడని మనం చప్పట్లు కొడతాం. మరి మన సంఘాల్లో బల్లారాధనలో ఒకే రొట్టె విరుస్తూ, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి 'క్రైస్తవులే, కానీ ఏమిట్లు?' అని కులం అడిగేది ఎవరు? నేనూ అడిగాను. మా రెండోవాడి పెళ్లప్పుడు. వాడే నన్ను ఆపాడు. నీ ప్రశ్నకి ఇది నేరుగా సంబంధం లేదనిపించొచ్చు. కానీ నీ తప్పుల జాబితా నువ్వొక్కడివే రాసుకుంటే, చుట్టూ అందరూ చేసేవి అందులోకి రావు. అందుకే పక్కన ఇంకో మనిషి కావాలి.

కొందరికి నా సలహా పనికిరాదు, అది కూడా చెప్పాలి. ప్రతి మాటకీ, ప్రతి కానుకకీ 'ఇది దేవుని కోసమా, నా కోసమా' అని తవ్వుకుంటూ తినడం, నిద్ర మానేసేవాళ్లు ఉంటారు. సండే స్కూల్లో నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది, పాట బాగా పాడానని సంతోషం కలిగితే చాలు, గర్వం వచ్చేసిందని ఏడ్చేది. అలాంటివాళ్లకి ఇంకా లోపలికి చూసుకోమని చెప్పకూడదు. పాడమ్మా, సంతోషించు అని చెప్పాలి, అవసరమైతే డాక్టరు దగ్గరికి కూడా పంపాలి. నీది ఆ రకం కాదనే అనుకుంటున్నాను, ఎందుకంటే నీ దగ్గర ఒక బిల్లు పుస్తకం, ఒక సాక్షి ఉన్నారు.

ఆ సాక్షి సంగతే చివరగా. మీ ఆవిడ అన్న మాటని నువ్వు తిట్టుగా రాశావు. మళ్లీ చదువు. 'చర్చిలో ఉండే ఆ మనిషిని ఒక్కరోజు మా ఇంటికి పంపించండి' అంది. ఆ మనిషి అబద్ధం అనలేదు. ఆ మనిషి ఆవిడకి నచ్చాడు, ఇంటికి రావడం లేదని బాధ. ఇంకా పిలుస్తోందంటే నీకు టైము ఉంది.

కీబోర్డు విషయం ఈ వారమే పాస్టరు గారితో మాట్లాడు. ఆయనకి కారణం పూర్తిగా చెప్పు, మిగతావాళ్లకి అక్కర్లేదు. 'ఏం బ్రదర్, వాయించడం లేదే?' అని ఎవరైనా అడిగితే 'ఇంటి దగ్గర పనుందండి' అను. అది అబద్ధం కాదు.